శనగపిండి డైట్ మీద పచ్చపురుగు: మూడో తరానికే రెక్కలు విచ్చుకోవట్లేదు, గుడ్లు పగలట్లేదు

పచ్చపురుగు_కాపరి
ఎన్‌పీవీ వైరస్ (పచ్చపురుగుని చంపేది, పొలంలో మందుగా కొడతారు) తయారీ కోసం శనగ పచ్చపురుగు కల్చర్ నడుపుతున్నాను, అంటే ల్యాబ్‌లో తరం తర్వాత తరం పెంచుతున్నాను. పొలం పురుగులతో మొదలుపెట్టినప్పుడు అంతా బ్రహ్మాండంగా ఉంది. ప్యూపాలు (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) నున్నగా, బరువుగా ఉండేవి, వేలితో ముడితే చాలు వెనక భాగం గిరగిరా తిప్పేవి. ఇప్పుడు మూడో తరం. ప్యూపాలు చిన్నబోయాయి. రెక్కల పురుగులు బయటికి వస్తున్నాయి కానీ చాలావాటికి రెక్కలు విచ్చుకోకుండా ముడుచుకునే ఎండిపోతున్నాయి. గుడ్లు పెడుతున్నాయి, సగానికి సగం పగలట్లేదు.

డైట్ అందరూ వాడే లెక్కే: శనగపిండి 105 గ్రాములు, ఈస్ట్ 10, అగార్ 12.75, ఆస్కార్బిక్ ఆమ్లం 3.25, మిథైల్ పారాబెన్ 2, సోర్బిక్ ఆమ్లం 1, స్ట్రెప్టోమైసిన్ పావు గ్రాము, విటమిన్-ఈ, మల్టీవిటమిన్ క్యాప్సూళ్లు రెండేసి, పది శాతం ఫార్మాలిన్ 2 మి.లీ., నీళ్లు 780 మి.లీ. ప్రతిసారీ తూచే వేస్తున్నాను. మా పైఆఫీసర్ మాత్రం "డైట్ మార్చెయ్" అంటున్నారు. ఏం మార్చాలో చెప్పట్లేదు. ఇందులో ఏం తక్కువైందంటారు?

ఆరో_దశ
ముందు పైఆఫీసర్‌ని మార్చి చూడండి. తగ్గకపోతే అప్పుడు డైట్ సంగతి.

గరిటె_గ్రాములు
విటమిన్లు ఏ వేడిలో కలుపుతున్నారు? అసలు కథ అక్కడే ఉంటుంది. అగార్ పొగలు కక్కుతుండగానే ఆస్కార్బిక్ ఆమ్లం పోస్తే దాని బలం చాలావరకు పోయినట్టే. ఆకులు తినే పురుగులకు సి-విటమిన్ తప్పనిసరి, ఆకులో దొరుకుతుంది కాబట్టి ఒంట్లో తయారు చేసుకోవు. గిన్నె 60 డిగ్రీల కిందికి దిగాక కలపాలి. అలాగని మరీ ఆలస్యం చేస్తే 40 దగ్గరికి చల్లారేసరికి అగార్ గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ మధ్య సందులోనే విటమిన్లు, యాంటీబయోటిక్, ఫార్మాలిన్ అన్నీ పడాలి.

పచ్చపురుగు_కాపరి
@గరిటె_గ్రాములు థర్మామీటర్ పెట్టి 55 దగ్గర కలుపుతున్నానండీ. మొదటి తరానికీ అంతే చేశాను, అప్పుడు బాగానే వచ్చాయి కదా.

గరిటె_గ్రాములు
అయితే పిండి చూడండి. అదే డబ్బా ఎన్నాళ్లుగా తెరిచి ఉంది? పాతబడి ముక్కవాసన వేస్తుంటే అందులోని నూనె చెడిపోయినట్టు. రెక్కలు విచ్చుకోకపోవడానికి పుస్తకాల్లో మొదట రాసే కారణం కొవ్వు ఆమ్లాల లోపమే, ముఖ్యంగా లినోలెనిక్ ఆమ్లం. ఫ్రెంకెల్, బ్లూవెట్ 1940లలోనే పిండి చిలుకల (పిండిలో పెరిగే రెక్కల పురుగుల) మీద లినోలెయిక్ ఆమ్లంతో ఇలాంటిదే చూపించారు. డైట్‌లో ఆ ఆమ్లం లేకపోతే పురుగు బాగానే పెరుగుతుంది, ప్యూపా కూడా అవుతుంది, తీరా బయటికి వచ్చేటప్పుడు కోశం ఊడదు, రెక్కల మీద పొలుసులు నిలబడవు. శనగపిండిలో లినోలెయిక్ దండిగా ఉంటుంది, లినోలెనిక్ కొంచెమే. కొద్దిగా అవిసె నూనె గానీ గోధుమ మొలక గానీ కలిపి చూడండి.

పాత_ఇంక్యుబేటర్
గరిటె గారూ, గోధుమ మొలక మాట ఎత్తారు కాబట్టి. అడ్కిసన్, వాండర్జాంట్ బృందం 1960లో గులాబీ రంగు పురుగుకి గోధుమ మొలక డైట్ ఇచ్చాకే ఈ రంగం దశ తిరిగింది. అంతకుముందు శుద్ధి చేసిన కేసిన్, చక్కెర, లవణాలు, ఒక్కో విటమిన్ విడివిడిగా కలిపి నానా తంటాలు పడేవాళ్లు. మొలకలో స్టెరాల్, కొవ్వు ఆమ్లాలు, బి-విటమిన్లు అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. కీటకాలు స్టెరాల్‌ని సొంతంగా తయారు చేసుకోలేవు, తిండిలోంచే రావాలి. ఆ డైట్‌ని అటూ ఇటూ మార్చుకునే ఎన్ని రకాల చిలుకల్ని పెంచారో లెక్కలేదు.

అయితే ఈ కేసులో కొవ్వు ఆమ్లం అని అప్పుడే తీర్మానించకండి. కాపరి గారూ, నాకు మూడు సంగతులు కావాలి.

ఒకటి, రెక్కలు ముడుచుకున్నవి పెట్టెలో ఎక్కడ దొరుకుతున్నాయి? అంతటా సమానంగా ఉన్నాయా, అడుగున మధ్యలోనే ఉన్నాయా? బయటికొచ్చిన చిలుక వెంటనే గరుకుగా ఉన్నదేదో పట్టుకుని పైకి ఎక్కి, రెక్కలు కిందికి వేలాడేసుకుని ఒంట్లోని ద్రవాన్ని వాటిలోకి పంపుకోవాలి. నున్నటి ప్లాస్టిక్ డబ్బా గోడ మీద కాళ్లు జారి కింద పడిందంటే రెక్కలు అక్కడే గట్టిపడతాయి. ఆ తర్వాత ఏం చేసినా విచ్చుకోవు.

రెండు, ప్యూపాలున్న గదిలో తేమ ఎంత? మరీ పొడిగా ఉన్నా ఇదే గొడవ.

మూడు, పగలని గుడ్ల రంగు చెప్పండి. ఇది అన్నిటికంటే ముఖ్యం.

ఆకుతిండి
ఇంత చర్చ దేనికో. పిండి తిని పెరిగిన పురుగులో పస ఉండదు. ఒక తరం పచ్చి శనగ కాయల మీద వదలండి, తేరుకుంటాయి.

స్లైడ్_చూడు
@ఆకుతిండి కాయలతో పాటు పొలంలోని వైరస్సు, పురుగుమందు అవశేషాలు, ముందే ఈగ గుడ్డు పెట్టి వదిలిన పురుగులు కూడా గదిలోకి వస్తాయి. అసలు కృత్రిమ డైట్ పుట్టిందే వాటిని తప్పించుకోవడానికి. ఏడాది పొడవునా ఒకే వయసు పురుగు కావాలంటే ఏ పంట కోసం కాచుక్కూర్చుంటారు?

ఆకుతిండి
కడిగి పెట్టాలి మరి. మేం పెట్టలేదా?

దారిన_పోయే
ఏదో వెతుకుతూ ఇటు వచ్చి పడ్డాను. పంట తినే పురుగుని ల్యాబ్‌లో కూర్చోబెట్టి విటమిన్లు పోసి మరీ మేపుతున్నారా? దాన్ని చంపాల్సిన వాళ్లే కదా మీరు?

ఆరో_దశ
ఇంట్లో ఒక్క పురుగు కనిపిస్తే కెవ్వున అరుస్తాం. ఇక్కడ ఒక్కటి చచ్చినా ఆ రోజు అన్నం సయించదు. మా బతుకులంతే.

ట్రైకో_రాణి
@దారిన_పోయే మంచి ప్రశ్నే. కాపరి గారు చేసే వైరస్ సంగతే చూడండి. ఎన్‌పీవీ అన్నది బతికున్న పురుగు ఒంట్లో తప్ప పెరగదు. ట్యాంకులో బ్యాక్టీరియాని పెంచినట్టు దీన్ని పెంచలేరు, కణజాల కల్చర్‌లో చేయొచ్చు గానీ పొలానికి సరిపడా తీయాలంటే గిట్టుబాటు కాదు. అందుకని పురుగే ఫ్యాక్టరీ. బాగా ఎదిగిన పురుగుకి వైరస్ పూసిన డైట్ పెడితే వారం లోపే అది పాలిపోయి, చర్మం పలుచబడి, వెనక కాళ్లతో తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. ఒళ్లు చిట్లిపోకముందే తీసి, నూరి, పలుచని గుడ్డలో వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పొలంలో కొట్టే మందు సిద్ధం. లెక్కంతా పురుగుల్లోనే ఉంటుంది. ఒక లార్వల్ ఈక్వివలెంట్ అంటే 600 కోట్ల వైరస్ స్ఫటికాలు, హెక్టారుకి 250 చొప్పున కొడతారు. పురుగు చిన్నదైతే స్ఫటికాలూ తక్కువే వస్తాయి. అందుకే మరి ప్యూపా బరువు తగ్గితే మాకంత టెన్షన్.

నాది ఇంకో రకం పని. కార్సైరా చిలుక గుడ్ల మీద ట్రైకోగ్రామా కందిరీగల్ని పెంచుతాం. కార్సైరా ధాన్యం పిండిలోనే హాయిగా పెరుగుతుంది, అగార్ గొడవ లేదు. గుడ్లని అట్టముక్క మీద అంటించి, లోపలి పిండం ఎదగకుండా అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి, ఆ తర్వాత కందిరీగలకు ఇస్తాం. మూడు నాలుగు రోజులకి గుడ్డు నల్లబడితే కందిరీగ లోపల ఉన్నట్టు.

దారిన_పోయే
గుడ్డులో గుడ్డు పెట్టే కందిరీగా! ఇంక ఇక్కడి నుంచి కదలబుద్ధి కావట్లేదు.

నల్లపొలుసు
కార్సైరా పేరు వినగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి మాస్కు లేకుండా చిలుకల్ని పట్టినవాళ్లని చూశాను, ఆయాసంతో పని మానేశారు. రెక్కల పొలుసులు గాల్లో తేలుతూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిలుకల్ని చేత్తో పట్టకుండా వ్యాక్యూమ్‌తో లాగండి, గాలి బయటికి పోయే చోట ఫిల్టర్ పెట్టండి, మాస్కు తీయకండి. కాపరి గారికీ ఇదే మాట, పచ్చపురుగు చిలుకకి పొలుసులేం తక్కువ లేవు.

పచ్చపురుగు_కాపరి
@పాత_ఇంక్యుబేటర్ చూసొచ్చాను.
రెక్కలు ముడుచుకున్నవి చాలావరకు పెట్టె అడుగునే ఉన్నాయి. గోడకి గుడ్డ కట్టిన వైపు ఉన్నవి బాగానే ఉన్నాయి. ఈ నున్నటి పెట్టెలు ఈమధ్యే వచ్చాయి, పాతవి చెక్కవి.
తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉంది.
పగలని గుడ్లు రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని పెట్టినప్పటి పాలిపోయిన రంగులోనే ఉండి సొట్టపడిపోతున్నాయి. కొన్నింటికి రెండో రోజున గోధుమరంగు వలయం వస్తోంది, లోపల నల్లటి తల కూడా కనిపిస్తోంది, కానీ పిల్ల బయటికి రావట్లేదు. వచ్చినవాటిలోనూ కొన్ని డైట్ ముట్టకుండా చస్తున్నాయి.

పాత_ఇంక్యుబేటర్
అద్భుతం, ఇంత శ్రద్ధగా చూసి చెప్పేవాళ్లు అరుదు.

రెక్కల సంగతి చాలావరకు తేలినట్టే. కొవ్వు ఆమ్లం లోపమైతే గుడ్డ వైపున్నవి కూడా చెడిపోవాలి, అది చోటుని బట్టి మారదు. పెట్టె నాలుగు వైపులా గరుకు కాగితం గానీ వలగుడ్డ గానీ కట్టండి.

గుడ్లలో రెండు రకాలున్నాయంటే సమస్యలూ రెండు. వలయమే రాకుండా సొట్టపడేవి ఫలదీకరణ జరగని గుడ్లు. జతకట్టలేదు, లేదా జతకట్టినా మగది చాలలేదు. తల నల్లబడ్డాక చచ్చేవి వేరు, అక్కడ పిండం పెరిగింది. ఆ రెండోదే నాకు భయం. దానికి తోడు ప్యూపా చిన్నదవడం, పిల్ల పురుగులు తిండి ముట్టకపోవడం. తరం తరానికీ ఎక్కువవుతోందంటే తల్లి నుంచి గుడ్డులోకి వచ్చే జబ్బు ఉండొచ్చు. మైక్రోస్పోరిడియా (పురుగు కణాల లోపల బతికే సూక్ష్మ పరాన్నజీవులు, నోసిమా వాటిలో ఒక రకం) ఉందేమో చూడండి.

గరిటె_గ్రాములు
వచ్చిందండీ నోసిమా! కల్చర్‌లో ఏం జరిగినా చివరికి అక్కడికే తీసుకెళ్తారు. స్ట్రెప్టోమైసిన్ మోతాదు రెట్టింపు చేసి ఒక్క తరం చూస్తే పోయేదానికి.

స్లైడ్_చూడు
దయచేసి ఆ పని మాత్రం చేయకండి. స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. మైక్రోస్పోరిడియా బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రాలకి దగ్గరి బంధువు. మోతాదు పెంచితే జబ్బు అలాగే ఉంటుంది, ఎదుగుదల మాత్రం ఇంకా మందగిస్తుంది. బూజు మందులకీ ఇదే సూత్రం. సోర్బిక్ ఆమ్లం పుల్లటి డైట్‌లోనే పనిచేస్తుంది, పీహెచ్ 6 దాటితే వేసినా వేయనట్టే. బూజు వచ్చిన ప్రతిసారీ మందు గ్రాములు పెంచేవాళ్లు ముందు పీహెచ్ కాగితం ముంచి చూసుకోవాలి.

కాపరి గారికి చేయాల్సింది ఇది. గుడ్లు పెట్టేసిన ఆడ చిలుకని తీసుకోండి, ముసలిదైతే మరీ మంచిది. పొట్ట భాగం కోసి రెండు చుక్కల నీళ్లలో నూరి, స్లైడ్ మీద వేసి 400 రెట్లలో చూడండి. అన్నీ ఒకే సైజులో, కోలగా, అంచు పదునుగా మెరిసే గింజలు కనిపిస్తే అనుమానించండి. కొవ్వు బిందువులూ మెరుస్తాయి కానీ అవి గుండ్రంగా ఉంటాయి, సైజులు రకరకాలు. వైరస్ స్ఫటికాలతో పొరబడే ప్రమాదం ఇంకా ఎక్కువ. కవర్‌స్లిప్ అంచున ఒక చుక్క పలుచటి సోడియం హైడ్రాక్సైడ్ వదలండి. వైరస్ స్ఫటికాలు మీ కళ్ల ముందే కరిగిపోతాయి. మైక్రోస్పోరిడియా బీజాలు కరగవు.

ఆరో_దశ
కల్చర్‌లో చిలుక చచ్చిందని కళ్లు తుడుచుకునేలోపే పొట్ట కోసి నూరమంటున్నారు. మనుషులా మీరు?

పచ్చపురుగు_కాపరి
గుడ్లని ప్రతిసారీ సోడియం హైపోక్లోరైట్‌లో కడుగుతున్నాను కదా, అయినా జబ్బు వస్తుందా?

స్లైడ్_చూడు
గుడ్డు పైపెంకు మీద అంటుకున్న వైరస్సు దానితో పోతుంది. మైక్రోస్పోరిడియా గుడ్డు లోపలే, పచ్చసొనలో ఉంటుంది. పైన ఎంత కడిగితే ఏం లాభం?

జన్యుకోణం
అందరూ జబ్బు, డైట్ అంటున్నారు. మూడో అవకాశాన్ని ఎవరూ తలవట్లేదు. పొలం నుంచి ఎన్ని పురుగుల్ని తెచ్చారు? గుప్పెడు పురుగులతో మొదలైన కల్చర్‌లో మూడో తరానికి వచ్చేసరికి అక్కాచెల్లెళ్లు అన్నదమ్ములే జతకడుతుంటారు. గుడ్లు పగలకపోవడం దాని లక్షణమూ కావచ్చు. దీనికి తోడు డైట్ తినలేని పురుగులు మొదటి తరంలోనే రాలిపోతాయి, మిగిలినవి "డబ్బాలో బతకగల" రకం. ఒకటి రెండు తరాలు కుంగి, ఆ తర్వాత తేరుకోవడం చాలా కల్చర్లలో మామూలే.

తేరుకున్నాక ఇంకో చిక్కు. అది డబ్బాకి అలవాటు పడిన పురుగు, పొలం పురుగు కాదు. స్క్రూవార్మ్ ఈగ కథ దీనికి పెద్ద ఉదాహరణ. పశువుల గాయాల్లో పెరిగే ఆ ఈగని మాంసం, నెత్తురు కలిపిన డైట్ మీద కోట్లలో పెంచి, రేడియేషన్‌తో మగవాటిని గొడ్డుపరిచి వదిలారు. 1954లో కురసావ్ దీవిలో దాన్ని తుడిచిపెట్టారు, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ నడిపించారు. అంతా బాగుందనుకుంటుండగా 1972లో అక్కడ ఒక్కసారిగా 95 వేలకు పైగా కేసులు వచ్చిపడ్డాయి. ఫ్యాక్టరీలో ఎప్పుడూ ఒకే వేడిలో, ఎగరాల్సిన అవసరమే లేకుండా పెరిగిన ఈగల్లో, ఎగరడానికి కావలసిన ఒక ఎంజైమ్ రకం మారిపోయిందని బుష్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లో రాశారు. పొలంలోని ఆడ ఈగలు తిరిగే వేళకి ఈ మగవి ఎగరలేకపోయాయన్నది వాళ్ల వాదన.

పాత_ఇంక్యుబేటర్
@జన్యుకోణం ఆ వాదన అందరూ ఒప్పుకున్నదేం కాదు. ఆ ఏడాది వాతావరణం ఈగకి బాగా కలిసొచ్చిందని, పశువుల మీద నిఘా తగ్గిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. కానీ దాని తర్వాతే పెంపక కేంద్రాలన్నీ నాణ్యత గురించి గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టాయి. ఎన్ని పుట్టాయన్నదొక్కటే కాకుండా ఎన్ని ఎగురుతున్నాయి, ఎన్ని జతకడుతున్నాయి అని కొలుస్తున్నారు. పొడవాటి గొట్టం అడుగున ప్యూపాలు పెట్టి, గోడలకి జారే పొడి పూసి, ఎగిరి బయటపడ్డ ఈగల్నే లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది.

అయినా కాపరి గారి పని వైరస్ తయారీ. ఆయన పురుగు ఎగరకపోయినా నష్టం లేదు, బాగా తిని లావెక్కితే చాలు. గొడ్డు మగవాటిని వదిలేవాళ్లకి ఉండాల్సిన దిగులు ఆయనకెందుకు?

జన్యుకోణం
లావెక్కాలన్నా తల్లి గుడ్డు పెట్టాలి కదండీ. దగ్గరి సంబంధాలు వంశాన్ని మొదట దెబ్బకొట్టేది అక్కడే.

ఆరో_దశ
గొడ్డు పురుగుల మాట వచ్చింది కాబట్టి ఒక సందేహం. కోట్లలో వదిలాక ట్రాపులో పడినది మనం వదిలినదా, పొలందా అని ఎలా తెలుస్తుంది? ఆధార్ కార్డు అడుగుతారా?

పాత_ఇంక్యుబేటర్
డైట్‌లోనే గుర్తు ఉంటుంది. అమెరికాలో గులాబీ రంగు పురుగుని పెంచిన చోట నూనెలో కరిగే ఎర్ర రంగుని డైట్‌లో కలిపేవారు. పురుగు తిన్న రంగు ఒంటి కొవ్వులో చేరి, ప్యూపా దశ దాటి చిలుకలోనూ నిలుస్తుంది. ట్రాపులో పడ్డ చిలుకని నలిపితే లోపల ఎర్రగా ఉంటే మనది. గొడ్డు చిలుకలతో పాటు బీటీ పత్తి, ఫెరమోన్లు, పత్తికట్టె తీసేయడం అన్నీ కలిపి నడిపించి, 2018లో అక్కడి పత్తి ప్రాంతాల్లో ఆ పురుగు లేదని ప్రకటించారు.

ట్రైకో_రాణి
ఫలదీకరణ జరగని గుడ్ల గురించి ఒక మాట. నాకు తెలిసిన ఒక చోట ఇదే సమస్య. డైట్ మార్చారు, పురుగుల్ని మార్చారు, తేనె నీళ్లు మార్చారు. చివరికి చూస్తే చిలుకల గదిలో రాత్రంతా ఒక లైటు వెలుగుతూనే ఉంది. చీకటి లేకపోతే ఆడది పిలవదు, మగది వెతకదు. కాపరి గారూ, రాత్రి పూట గదిలోకి వెళ్లి చూడండి. ఇన్వర్టర్ మీదున్న చిన్న దీపం కూడా వదలకండి. ఆడ చిలుక పొట్ట కోసేటప్పుడు ఎలాగూ లోపల మగది వదిలిన వీర్యకోశం ఉందో లేదో కనిపిస్తుంది. చిన్న బుడ్డి, దానికో సన్నటి తోక. లేకపోతే జతకట్టనట్టే, ఎన్ని ఉంటే అన్నిసార్లు కట్టినట్టు.

నల్లపొలుసు
వేడి కూడా. చిలుకల గది 30 దాటి ఉడికిపోతుంటే మగవి పనికిరాకుండా పోతాయి. 25, 26 దగ్గర ఉంచాలి.

పచ్చపురుగు_కాపరి
స్లైడ్లు చూశాను. వేరువేరు పెట్టెల నుంచి ఆడవాటిని తీశాను.
కొన్నింటిలో స్లైడ్_చూడు గారు చెప్పినట్టే కోల గింజలు ఉన్నాయి, అన్నీ ఒకే సైజు. హైడ్రాక్సైడ్ వేశాను, కరగలేదు. చాలావాటిలో ఏమీ లేదు. బీజాలున్నవి పెట్టిన గుడ్లే తల నల్లబడ్డాక చస్తున్నాయి.
ఇంకొన్నింటిలో వీర్యకోశమే లేదు. రాత్రి వెళ్లి చూస్తే గదిలో లైటు లేదు కానీ కారిడార్ ట్యూబ్‌లైటు తలుపు అద్దంలోంచి నేరుగా పడుతోంది. అద్దానికి నల్ల కాగితం అంటించాను.
పిండి ముక్కవాసన లేదు, అయినా కొత్తది తెప్పిస్తున్నాను.

గరిటె_గ్రాములు
పిండి కొత్తది తెప్పించడం మాత్రం మంచి పని. బీజాలు ఉన్నాయంటే ఉన్నాయి, ఒప్పుకుంటాను. డైట్ మంచిదైతే జబ్బున్న పురుగు కూడా కొంత తట్టుకుంటుందన్న మాట మీద మాత్రం నేను కదలను.

స్లైడ్_చూడు
తట్టుకుని ఏం చేస్తుంది? బతికి, జబ్బుని పిల్లలకి పంచుతుంది. అలాంటి దాని కంటే చచ్చేదే నయం.

కాపరి గారూ, ఇప్పుడు దారి ఒక్కటే. పాశ్చర్ 1865 నుంచి ఐదేళ్లు పట్టు పురుగుల పెబ్రిన్ జబ్బు (అదీ మైక్రోస్పోరిడియా వల్ల వచ్చేదే) మీద పనిచేసి తేల్చిన పద్ధతి అది. ఒక్కో జతని విడివిడిగా ఉంచండి. ఆడది గుడ్లు పెట్టాక దాన్ని నూరి స్లైడ్ చూడండి. బీజం కనిపిస్తే ఆ గుడ్లన్నీ పారేయండి, లేకపోతే ఉంచండి. పట్టు గుడ్ల కేంద్రాల్లో తల్లి పురుగు పరీక్ష పేరుతో ఈ రోజుకీ చేసేది ఇదే. ఒక్క తరంతో ఆపకండి, తక్కువ జబ్బున్న తల్లి స్లైడ్‌లో దొరక్కుండా జారిపోవచ్చు. వరసగా కొన్ని తరాలు శుభ్రంగా వచ్చాకే మళ్లీ గుంపుగా పెంచండి.

పచ్చపురుగు_కాపరి
మందు ఏమీ లేదా? ఫ్యుమాగిలిన్ అని ఎక్కడో చదివాను.

స్లైడ్_చూడు
ఉంది, డైట్‌లో కలిపి వాడినవాళ్లు ఉన్నారు. బీజాల సంఖ్య తగ్గుతుంది, పూర్తిగా పోదు. మందు ఆపగానే తిరిగొస్తుంది. ఏ చోటా దొరకని అపురూపమైన కల్చర్ అయితే కాపాడుకోవడానికి వాడొచ్చు. పచ్చపురుగుకి ఆ గౌరవం దేనికి? పొలంలో కావలసినన్ని దొరుకుతాయి.

ఆకుతిండి
చూశారా, చివరికి పొలానికే వచ్చారు.

జన్యుకోణం
@ఆకుతిండి పొలం పురుగు కావాలన్నది నేనూ చెప్పిన మాటే. కొత్త రక్తం రావాలి. కానీ నేరుగా గదిలోకి కాదు. పొలం నుంచి తెచ్చినవాటిని వేరే గదిలో, ఒక్కో పురుగుని ఒక్కో గిన్నెలో పెంచి, తల్లి పరీక్ష అయ్యాక వాటి పిల్లల్ని మాత్రమే కలపాలి.

ఆకుతిండి
విడివిడిగా అంత చాకిరీ ఎవరు చేస్తారు? ఒక ట్రేలో పోసి కాయలు వేస్తే సరి.

పాత_ఇంక్యుబేటర్
పచ్చపురుగుని ట్రేలో కలిపి పోస్తే మూడో దశ దాటేసరికి ఒకదాన్నొకటి నమిలేస్తాయి. పొద్దున వచ్చి చూస్తే సగం తలకాయలే మిగులుతాయి. జబ్బు చేసినదాన్ని పక్కది తినడంతో జబ్బూ పాకుతుంది. పొగాకు లద్దెపురుగుని అయితే గుంపుగా పెంచుకోవచ్చు, దీన్ని కాదు. అరలున్న ట్రే, అరకో పురుగు. తప్పదు.

ఇంకో సంగతి. వేడి డైట్ పోసిన వెంటనే మూత పెట్టకండి. ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా దిగుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల వెంట్రుకంత కూడా ఉండదు, ఆ చుక్కలో ఇరుక్కుని చచ్చిపోతుంది. డైట్ ముట్టకుండా చచ్చాయన్నారే, వాటిలో కొన్ని ఇలా పోయినవీ ఉండొచ్చు.

పచ్చపురుగు_కాపరి
అవును, మూత లోపల చుక్కలు ఉంటున్నాయి. గుర్తు పెట్టుకుంటాను. వైరస్ పెట్టే పురుగులకి వాడే డైట్‌లో ఫార్మాలిన్ వేయట్లేదు, అది ముందే తెలుసు. బీజాలున్న పెట్టెల్లోని పురుగులకి వైరస్ పెట్టి వాడేసుకోవచ్చా? పారేయడానికి మనసు ఒప్పట్లేదు.

స్లైడ్_చూడు
వద్దు. ఆ బీజాలు కూడా నూరినప్పుడు మందులోకే వస్తాయి, వడగట్టినా పోవు. సీసా మీద వైరస్ అని రాసి రెండు క్రిములు అమ్మినట్టవుతుంది. పైగా ఆ మందు కొద్దిగా విత్తనంగా దాచి, వచ్చే విడత పురుగులకి అదే పెడతారు. జబ్బు తిరిగి మీ గదిలోకే వస్తుంది.

ట్రైకో_రాణి
పారేసేది కూడా చెత్తబుట్టలో కాదు. పురుగులు, ప్యూపాలు, మిగిలిన డైట్, పెంట అన్నీ ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉడికించి) పారేయండి. ట్రేలు, పెట్టెలు హైపోక్లోరైట్‌లో నానబెట్టండి. ఎండిన పెంటలో, కుబుసాల్లో బీజాలు చాలాకాలం బతుకుతాయి. మా దగ్గర ఇంకో నియమం ఉంది. పొద్దున మొదట గుడ్ల గది, తర్వాత పిల్ల పురుగులు, తర్వాత పెద్దవి, అన్నిటికంటే చివర వైరస్ గది. వైరస్ గదిలోకి వెళ్లినవాళ్లు ఆ రోజు ఇంక వెనక్కి రాకూడదు. కందిరీగల గదికీ అంతే. ఒక్క బ్రాకాన్ కందిరీగ చొక్కా పట్టుకుని కార్సైరా గదిలోకి వచ్చిందంటే ఆ గది దానిదే, పురుగులన్నీ కుట్లు పడి కదలకుండా ఉంటాయి.

ఆరో_దశ
మా గదిలోకీ ఒకసారి వచ్చింది. దాన్ని తరమడానికి ముగ్గురం వలలు పట్టుకుని గెంతాం. కిటికీలోంచి చూసినవాళ్లు ఏమనుకున్నారో అడగలేదు.

గరిటె_గ్రాములు
వేరే ప్రశ్న. డైట్ ఖర్చులో సగం అగారే మింగేస్తోంది. దాని బదులు క్యారాజీనన్ వాడినవాళ్లు ఉన్నారా?

పాత_ఇంక్యుబేటర్
వాడొచ్చు, చాలా చోట్ల వాడుతున్నారు. కాకపోతే గడ్డకట్టే వేడి వేరు, గట్టిదనం వేరు. మీ విటమిన్ల సందు ఎక్కడుందో మళ్లీ థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి. మెత్తగా ఉంటే పిల్ల పురుగు సొరంగం తవ్వి అందులోనే మునుగుతుంది, నీళ్లూరుతుంటే బూజు. ఒకేసారి అన్ని ట్రేలకీ మార్చకుండా కొన్నింటికి పోసి, ప్యూపా బరువు పక్కపక్కన పెట్టి చూడండి.

వేదిక_నిర్వాహకుడు
అగార్ ప్రత్యామ్నాయాల మీద విడిగా చర్చ తెరిచాను, గరిటె_గ్రాములు గారి ప్రశ్న అక్కడికి మార్చాను. కాపరి గారి తల్లి పరీక్ష ఫలితాలు ఇక్కడే రాయండి, దీన్ని మూసేయట్లేదు.

పచ్చపురుగు_కాపరి
జతలు విడదీసి కప్పుల్లో పెట్టాను. ఇవాళ పెట్టిన గుడ్లకి ఒక్కో గుడ్డ మీద ఒక్కో నంబరు రాశాను. స్లైడ్లు అయ్యాక రాస్తాను.

స్లైడ్_చూడు
నంబరు పెన్సిల్‌తో రాయండి. ఇంకుతో రాస్తే హైపోక్లోరైట్‌లో పోతుంది, ఏ తల్లి గుడ్లు ఏవో తెలియకుండా పోతాయి.